మా అక్క పిల్లల్ని నేనే ఉంచుకోవాలా, పంపేయాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది కోనసీమలో రాజోలు దగ్గర ఊరు. మా అక్క నాలుగేళ్ళ కింద ఇంటి పనికి కువైట్ వెళ్ళింది. మధ్యలో ఒక్కసారి వచ్చి నలభై రోజులు ఉండి వెళ్ళింది. బావ తాగుతాడు. మొదట్లో ఆర్నెల్లు పిల్లలు బావ దగ్గరే ఉన్నారు, తిండి కూడా సరిగ్గా లేదని తెలిసి నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. ఎలాగూ అక్క రేపో మాపో వచ్చేస్తుంది కదా అనుకున్నాను. పాపకు పన్నెండేళ్ళు, ఏడో తరగతి. బాబుకి ఏడేళ్ళు. నాకు తొమ్మిదేళ్ళ కూతురు ఉంది. నేను మిషను కుడతాను, మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర పని చేస్తారు. అక్క రెండు మూడు నెలలకోసారి డబ్బు వేస్తుంది గానీ ఆ ఖాతా ఏటీఎం కార్డు బావ దగ్గర ఉంది. బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు కూడా అందులోనే పడ్డాయి, మాకు రూపాయి రాలేదు. బాబు నన్ను అమ్మా అంటాడు. మొన్న వీడియో కాల్‌లో అక్క ఆ మాట విని ఫోను కట్ చేసేసింది. పాప అసలు ఫోను దగ్గరికే రాదు. ఇన్నాళ్ళయినా బట్టలు బీరువాలో పెట్టుకోదు, వచ్చిన రోజు తెచ్చుకున్న బ్యాగులోనే మడత పెట్టుకుంటుంది. నా కూతురేమో "నీకు వాళ్ళంటేనే ఇష్టం, వాళ్ళని ఒక్క మాట కూడా అనవు" అని ఏడుస్తుంది. మా అత్తగారు "రేపు ఆ పిల్ల పెద్దమనిషైతే ఎవరు చూస్తారు, ఏదన్నా అయితే మాట ఎవరికొస్తుంది" అని రోజూ సాధిస్తారు. పోయిన నెల బావ తాగొచ్చి "నా పిల్లల్ని నేను తీసుకుపోతా, మీరు నా పెళ్ళాం డబ్బు తింటున్నారు" అని వీధిలో గొడవ చేశాడు. మా పెదమామగారు వంద రూపాయల స్టాంపు పేపరు మీద దత్తత రాయించుకోమంటున్నారు. మా ఆయన హాస్టల్లో వేద్దామంటున్నారు. అక్క రేపో మాపో వచ్చేస్తే ఏ గొడవా ఉండదు, కానీ ఎప్పుడొస్తుందో చెప్పదు. నాకు ఏం చేయాలో తోచట్లేదు. నేను చేసింది తప్పా?

జవాబు:

అమ్మా, నాకు అరవై దాటాయి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

చివర అడిగినదానికి ముందు చెప్తాను. తప్పు కాదు. తిండి లేని చోట నుంచి పిల్లల్ని తెచ్చుకుంటే అది తప్పెలా అవుతుంది? పొరపాటు మాత్రం ఒకటి జరిగింది, అది నీ ఒక్కదానిదే కాదు, మీ అక్కకూ మీ ఇంట్లో వాళ్ళందరికీ అందులో వాటా ఉంది. "రేపో మాపో వచ్చేస్తుంది" అన్న మాట నీ ఉత్తరంలో రెండు సార్లు ఉంది చూడు. ఆ మాట పట్టుకునే మూడున్నరేళ్ళు నెట్టుకొచ్చారు. వచ్చేస్తుంది కదా అని ఏటీఎం కార్డు సంగతి ఎవరూ అడగలేదు, కాగితం ముక్క రాసుకోలేదు, పిల్లలు ఎన్నాళ్ళు ఉంటారో మీ ఆయనకు చెప్పలేదు, పిల్లలకు అసలే చెప్పలేదు. నాలుగు రోజులకు వచ్చిన చుట్టాలను చూసుకున్నట్టు చూసుకున్నావు, ప్రేమగానే, కానీ చుట్టాల్లాగే. ఆ పాప బ్యాగు సర్దుకుని కూర్చుందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

ఆ బ్యాగు సంగతి నాకు బాగా తెలుసు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న పోయారు, ఆ దిగులుతో అమ్మ మనసు దెబ్బతిని చాలా ఏళ్ళు ఆస్పత్రుల చుట్టూ తిరిగింది, నన్ను తణుకులో పెద్దమ్మ పెంచింది. వాళ్ళ పిల్లలు ఐదుగురు, నాతో ఆరుగురం. నాకు బ్యాగు లేదు గానీ నేను ఆ ఇంట్లో మారు అన్నం అడిగేదాన్ని కాదు. పెద్దమ్మ వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలు అనేదాన్ని, కడుపు కాలుతున్నా సరే. ఏడాదిన్నర అలాగే గడిచింది. ఒకరోజు మాగాయ జాడీలో తడి గరిటె పెట్టేశాను. వారం తిరక్కుండా బూజు పట్టింది, ఏడాది పచ్చడి అంతా పారబోయాల్సి వచ్చింది. ఎవరు చేశారంటే నేనే అన్నాను. పెద్దమ్మ అప్పటిదాకా నన్ను పల్లెత్తు మాట అనలేదు, ఆ రోజు మాత్రం వాళ్ళ పిల్లల్ని తిట్టినట్టే తిట్టింది, "బుద్ధుందా నీకు, ఏడాది పచ్చడే, వేసవి దాకా ఏం పెట్టుకు తింటారు మీరంతా" అని. "మీరంతా" అంది. ఆ మాటలో నేనూ ఉన్నాను. ఏడ్చాను, కానీ ఆ రాత్రి మొదటిసారి కంచం ముందుకు జరిపి ఇంకొంచెం పెట్టు పెద్దమ్మా అన్నాను.

ఎందుకు చెప్తున్నానంటే నీ కూతురి ఏడుపుకీ ఆ పాప బ్యాగుకీ కారణం ఒకటే. నువ్వు మీ అక్క పిల్లల్ని ఏమీ అనవు. ఎందుకో నాకు తెలుసు, తల్లి దగ్గర లేని పిల్లలు పాపం అని కొంత, జనం ఏమంటారో అని ఇంకొంత. నీ కూతుర్ని మాత్రం మామూలుగా తిడతావు, పని చెప్తావు. దాంతో నీ కూతురికి వాళ్ళే ముద్దు అనిపిస్తుంది, ఆ పాపకేమో నేను ఈ ఇంటి పిల్లను కాదు అని రోజూ గుర్తుకొస్తుంది. రేపట్నుంచి ముగ్గురికీ పని పంచు. పెద్దది బియ్యం కడుగుతుంది, నీ కూతురు మిషను కింద గుడ్డముక్కలు ఊడుస్తుంది, బాబు కంచాలు పెడతాడు. ఎవరు ఎగ్గొట్టినా ఒకే తిట్టు. పక్కింటావిడ "పాపం తల్లి లేని పిల్లని" అంటే, "తల్లి ఉందండీ, కువైట్‌లో ఉంది" అని పిల్ల వినేట్టు చెప్పు. అలాగే వారంలో ఒక గంట నీ కూతురికి మాత్రమే ఇవ్వు, సంతకి తీసుకెళ్ళు, తల దువ్వు, ఏదైనా సరే, మిగతా ఇద్దరూ లేకుండా. తొమ్మిదేళ్ళ పిల్ల అమ్మను పంచుకోవడం చిన్న విషయమేమీ కాదు, అది ఏడుస్తోందంటే చెడ్డపిల్లయి ఏడవడం లేదు.

బీరువాలో ఒక అర ఖాళీ చెయ్యి. ఖాళీ చేసి ఇది నీది అని చెప్పి ఊరుకో. బ్యాగు ముట్టుకోకు, సర్దమని అనకు, దాచేయకు. అది ఎప్పుడు సర్దుకుంటుందో దాని ఇష్టం.

ఇక అమ్మా అనే పిలుపు. బాబుకి మీ అక్క వెళ్ళినప్పుడు మూడేళ్ళు. వాడికి రోజూ అన్నం పెట్టే మనిషి అమ్మ, వాడి లెక్క వాడిది. దాన్ని బలవంతంగా మాన్పించొద్దు, వాడికి అర్థం కాదు సరికదా ఏదో తప్పు చేశానని భయపడతాడు. కానీ వాడికి కథ తెలియాలి. మీ అక్క ఫోటో ఒకటి పెద్దది చేయించి గోడకు పెట్టు, నిన్ను కన్న అమ్మ ఈవిడ, దూరంగా పని చేస్తోంది, నేను పిన్నిని, చిన్నమ్మను, నీకు ఇద్దరం ఉన్నాం అని వాడి భాషలో చెప్తూ ఉండు. మీ అక్కతో కూడా నువ్వు ముందే మాట్లాడాలి, పిల్లలు లేనప్పుడు. నాలుగేళ్ళుగా ఎవరి పిల్లలకో జడలేసి బడికి పంపుతూ, సొంత కొడుకు ఇంకొకరిని అమ్మా అనడం ఫోన్‌లో వినడమంటే అది ఎంత కోతో నువ్వూ నేనూ ఊహించలేం. ఆమె ఫోను కట్ చేసింది నీ మీద కోపంతో అనుకోకు.

పాప ఫోను దగ్గరికి రాకపోవడం వేరే సంగతి. అది తల్లి మీద కోపంగా ఉంది. వెళ్ళేటప్పుడు ఏం చెప్పి వెళ్ళారు? నేను చాలామందిని చూశాను, పిల్లలు నిద్రపోయాక తెల్లారుజామున వెళ్ళిపోవడం, లేదా "బజారుకెళ్ళి వస్తా" అని చెప్పి వెళ్ళిపోవడం. ఏడుస్తారని భయం. ఎనిమిదేళ్ళ పిల్ల దాన్ని మర్చిపోదు. మీ ఇంట్లోనూ అలాగే జరిగి ఉంటే, మీ అక్క దానికి క్షమించమని చెప్పాలి, తప్పదు. వీడియో కాల్ వద్దంటే వద్దు, ముఖంలోకి చూడమని ఆ పిల్లని నిలబెట్టొద్దు. మీ అక్కని వాట్సాప్‌లో రెండు నిమిషాలు గొంతు రికార్డు చేసి పంపమను, రోజూ కాకపోయినా వారానికి రెండు, ఇవాళ ఏం వండాను, ఈ ఇంట్లో పిల్లి ఏం చేసింది లాంటివి, అంతే. "బాగా చదువుకో, పిన్ని మాట విను, మీ కోసమే కష్టపడుతున్నా" అనేవి వద్దు, ఆ మాటలు ఆ పిల్ల ఇప్పటికే వెయ్యి సార్లు విని ఉంటుంది. ఫోను అక్కడ పెట్టి నువ్వు వంటింట్లోకి వెళ్ళిపో. వింటుంది.

మీ అత్తగారి మాటల్లో సాధింపు ఎంతున్నా ఒక సంగతి మాత్రం నిజం. పన్నెండేళ్ళ పిల్ల, ఇవాళో రేపో పెద్దమనిషవుతుంది. పీటల మీద కూర్చోబెట్టడం, మేనమామ చీర, పులిహోర గొడవ అంతా తర్వాత. ముందు ఆ పిల్లకి ఏం జరగబోతోందో ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి, అది నువ్వే, ఈ నెలలోనే. ప్యాడ్లు ఎక్కడుంటాయో చూపించు. మరక పడితే ఎవరికి చెప్పాలో తెలియక, ఇది మన ఇల్లు కాదు అనుకుంటూ బట్టలు దాచిపెట్టుకున్న పిల్లలు నాకు తెలుసు. ఫంక్షను చేయాలా వద్దా, ఎంత ఖర్చు అనేది మీ అక్క నిర్ణయం, ఆమె డబ్బు, ఆమె కూతురు. ఆ మాట మీ అత్తగారికి మెత్తగా చెప్పు, ఆవిడ టెన్షన్ సగం తగ్గుతుంది. ఖర్చు తన కొడుకు మీద పడుతుందనే ఆవిడ భయం, దాన్ని నేను తప్పు పట్టను.

ఇక నీ ముందు పెట్టిన మూడు దారులు. బావ దగ్గరికి పంపడం, దత్తత, హాస్టలు.

బావ దగ్గరికి వద్దు. తాగుడు మానేదాకా ఆ మాటే లేదు.

దత్తత అస్సలు కుదరదు. స్టాంపు పేపరు సలహా ఇచ్చిన పెదమామగారికి చెప్పు, హిందూ దత్తత చట్టం (1956) ప్రకారం ఆడపిల్ల ఉన్నవాళ్ళు ఇంకో ఆడపిల్లని దత్తత తీసుకోవడానికి వీల్లేదు. నీకు కూతురుంది. బాబుని తీసుకోవాలన్నా తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకోవాలి. పైగా దత్తత అంటే ఆ పిల్లాడు చట్టం దృష్టిలో మీ అక్క కొడుకు కాకుండా పోతాడు. ఆమె అక్కడ అంట్లు తోముతున్నది ఆ పిల్లల కోసం, ఇక్కడ మీరు వాళ్ళని రాయించేసుకుంటే ఏమైపోవాలి? మంచి ఉద్దేశంతోనే అన్నారనుకో, అయినా వద్దు.

హాస్టలు చెడ్డదని నేను అనను. కస్తూర్బా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి ఆడపిల్లల్ని చేర్చుకుంటారు, తల్లిదండ్రులు లేనివాళ్ళకూ ఒక్కరే ఉన్నవాళ్ళకూ బడి మానేసినవాళ్ళకూ ముందు చోటిస్తారు, అక్కడ చదివి బాగుపడినవాళ్ళు బోలెడుమంది. కానీ ఈ పిల్లకి ఇప్పుడు హాస్టలంటే మళ్ళీ ఎవరో వదిలేశారని అర్థం. పైగా తమ్ముణ్ణి వదిలి వెళ్ళాలి. ఆ ఇద్దరికీ మొదట్నుంచీ చివరిదాకా కలిసున్న మనిషి ఒకరికొకరే, దాన్ని విడదీయకండి. రెండేళ్ళ తర్వాత ఆ పిల్లే నేను వెళ్తానంటే అప్పుడు చూద్దాం.

కాబట్టి నీ దగ్గరే ఉండాలి. ఉండాలంటే ఇకమీదట కాగితం ఉండాలి.

రేపు మీ బావ తాగకుండా, చొక్కా ఇస్త్రీ చేసుకుని, బడి గేటు దగ్గర నిలబడి పిల్లల్ని ఆటో ఎక్కించుకుపోయాడనుకో. నువ్వు పోలీసులకు ఫోన్ చేస్తే "తండ్రే కదమ్మా" అంటారు. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం (1956)లో పిల్లలకు సహజ సంరక్షకులు తండ్రి, ఆ తర్వాత తల్లి. పిన్ని ఆ వరసలో లేదు. అదే చట్టంలో 13వ సెక్షన్ ఇంకో మాట అంటుంది, సంరక్షకుణ్ణి నిర్ణయించేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది పిల్లల మేలు అని. ఈ రెంటి మధ్య కోర్టులు రెండు రకాలుగానూ తీర్పులిచ్చాయి. 2008లో ఒక కేసులో తల్లి చనిపోయింది, తండ్రి మీద ఆ చావు విషయంలోనే కేసు నడుస్తోంది, సుప్రీంకోర్టు పిల్లాణ్ణి అమ్మమ్మ తాతయ్యల దగ్గరే ఉంచింది. 2019లో ఇంకో కేసులో తల్లి క్యాన్సర్‌తో పోయాక చిన్నపిల్లని ఆమె తోబుట్టువులే పెంచుతున్నా, తండ్రి మీద వంక పెట్టడానికి ఏమీ లేకపోవడంతో పిల్లని తండ్రికి ఇచ్చింది. కాబట్టి "మేం ప్రేమగా పెంచాం" అన్న ఒక్క మాట కోర్టులో చాలదు. తండ్రి దగ్గర ఎందుకు కుదరదో చూపించాలి. ఆర్నెల్లు తిండి లేకపోవడం, మొన్నటి వీధి గొడవ, ఇవన్నీ ఎవరు చూశారో, ఏ తేదీనో ఇప్పుడే రాసిపెట్టుకో. ఈసారి తాగొచ్చి గొడవ చేస్తే 112కి ఫోన్ చెయ్యి. పరువు పోతుందని తలుపులేసుకుని కూర్చుంటే రేపు ఆ గొడవ జరిగిందనడానికి సాక్ష్యం ఉండదు.

అన్నిటికన్నా సులువైనది మీ అక్క చేతిలో ఉంది. కువైట్‌లో భారత రాయబార కార్యాలయానికి వెళ్ళి, నా పిల్లలు ఫలానా నా చెల్లెలి దగ్గర ఉండటానికి, వాళ్ళ చదువు, వైద్యం విషయాల్లో ఆమె నిర్ణయాలు తీసుకోవడానికి నాకు సమ్మతమే అని రాసి, వాళ్ళ ముందు సంతకం పెట్టి ముద్ర వేయించి పంపాలి. ఆమె సహజ తల్లి, ఆమె మాటకు విలువ ఉంది. దాంతో నువ్వు చట్టపరంగా గార్డియన్ అయిపోవు, కానీ రేపు ఎక్కడ ఏ ఆఫీసులో నిలబడినా పిల్లల్ని ఎత్తుకొచ్చిన మనిషిగా కాకుండా తల్లి అప్పగించిన మనిషిగా నిలబడతావు.

దాని తర్వాత జిల్లా బాలల సంక్షేమ కమిటీ. 1098కి ఫోన్ చేసినా దారి చెప్తారు, సచివాలయంలో మహిళా పోలీసునో అంగన్‌వాడీ టీచర్‌నో అడిగినా సరే. తల్లిదండ్రులు ఉండి కూడా చూసుకోలేని స్థితిలో ఉంటే ఆ పిల్లలకు రక్షణ అవసరమని ఆ కమిటీ తేల్చవచ్చు, విచారణ చేసి నీలాంటి బంధువు దగ్గరే ఉంచుతూ ఆర్డర్ ఇవ్వవచ్చు. వాళ్ళ భాషలో నిన్ను "ఫిట్ పర్సన్" అంటారు, పేరు చూసి నవ్వుకోకు, పనికొచ్చే కాగితం అది. హోముకి పట్టుకుపోతారేమో అని నీకు భయమెయ్యొచ్చు. జువెనైల్ జస్టిస్ చట్టం (2015)లోనే రాసుంది, పిల్లల్ని సంస్థల్లో పెట్టడం అన్నిటికన్నా చివరి దారి అని. చూసుకునే పిన్ని ఎదురుగా ఉంటే ఆ అవసరమే రాదు.

పక్కాగా కావాలంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టులో పిటిషన్ వేయాలి. పిల్లలు ఎక్కడ ఉంటున్నారో ఆ ప్రాంతపు కోర్టులోనే వేయవచ్చు, బావ ఎక్కడున్నా. తండ్రి బతికి ఉండగా ఇంకొకరిని గార్డియన్‌గా వేయాలంటే ఆయన తగడని కోర్టుకి నమ్మకం కలగాలి, అందుకే పైన తేదీలు రాసుకోమన్నాను. ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ళ ఇష్టాన్నీ జడ్జి లెక్కలోకి తీసుకోవచ్చు, పన్నెండేళ్ళ పిల్ల మాటకి బరువుంటుంది. లాయరు ఖర్చు గురించి దిగులు పడకు, 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. దగ్గర్లోని కోర్టులో న్యాయ సేవల కమిటీ ఎక్కడని అడుగు, లేదా 15100కి ఫోన్ చెయ్యి.

బడిలో సంతకం దగ్గర కూడా ఎప్పుడో ఒకప్పుడు "తల్లిదండ్రులెక్కడ" అని ఆపుతారు, ఆ రోజుకి ఒక సంగతి గుర్తుపెట్టుకో. విద్యాహక్కు చట్టంలో సంరక్షకులంటే కోర్టు నియమించినవాళ్ళే కానక్కర్లేదు, పిల్లని దగ్గర పెట్టుకుని చూసుకుంటున్నవాళ్ళు కూడా సంరక్షకులే. హెడ్మాస్టరుకి మర్యాదగా చెప్పు, అలాగే ఫలానా వ్యక్తి వస్తే నాకు ఫోన్ చేయకుండా పిల్లల్ని పంపొద్దని ఒక దరఖాస్తు రాసిచ్చి, దాని మీద అందినట్టు సంతకం తీసుకో. బాబు ఆధార్‌లో వేలిముద్రలు ఎక్కించారా? ఐదేళ్ళు నిండాక వేయించాలి, ఇప్పటికి వేయించకపోతే ఈ వారమే వెళ్ళు.

డబ్బు సంగతికి వద్దాం. "నా పెళ్ళాం డబ్బు తింటున్నారు" అన్న మాట నీకు బాగా గుచ్చుకుందని ఉత్తరంలోనే తెలుస్తోంది. మీ అక్క తన బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఆ ఏటీఎం కార్డు ఆపించాలి, ఐదు నిమిషాల పని. చేయలేక కాదు, ఆయన గొడవ చేస్తాడని, మామగారింటి వైపు మాట వస్తుందని ఊరుకుంటోంది, అవునా? తల్లికి వందనం ఒక్కో పిల్లకి 13,000 తల్లి ఖాతాలో వేస్తారు, ఇద్దరికీ కలిపి 26,000. ఆ డబ్బు బెల్టు షాపుకి పోవాలా, పిల్లల చెప్పులకూ జ్వరం మందులకూ పోవాలా అని అడుగు మీ అక్కని. ఖాతా అదే ఉండనివ్వండి, కార్డు మారితే చాలు. ఇంటి ఖర్చుకి ఎంతో కొంత నెలనెలా నీ ఖాతాలో వేయమను, "ఎంతో కొంత" అని వదిలేయకుండా ఒక అంకె అనుకోండి. పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025లో మరోసారి స్పష్టంగా చెప్పింది, బ్యాంకు పెట్టే పరిమితులకు లోబడి. పాప పేరున ఒకటి తెరిపించు, మీ అక్క నెలకి రెండు వందలు వేసినా చాలు. పాసుబుక్కులో తల్లి వేసిన డబ్బు తన పేరు మీద కనిపించడం ఆ పిల్లకి వేరేగా ఉంటుంది.

ఒక నోటుబుక్కు కొని పిల్లల ఖర్చు రాయి. మిషను దగ్గర కొలతల పుస్తకం ఎలాగూ రాస్తావు కదా, అలాగే. నెలాఖరున పేజీ ఫోటో తీసి అక్కకి పంపు. అక్కాచెల్లెళ్ళ మధ్య లెక్కలేమిటి అని ఆమె అంటుంది, నీకూ ఇబ్బందిగా ఉంటుంది, అయినా పంపు. వీధిలో అరిచేవాడికి అదే జవాబు, కోర్టుదాకా వెళ్తే అక్కడా పనికొస్తుంది.

పిల్లల రక్షణకు ప్రభుత్వం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు ఒక్కొక్కరికి నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. అక్క కువైట్ జీతం లెక్కేస్తే మీకు రాకపోవచ్చు, ఆశ పెట్టుకోకు, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడిగి మాత్రం చూడు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయి అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలు మీ వీధిలో ఎవరైనా ఉంటే వాళ్ళకి ఈ సంగతి చెప్పు, చాలామందికి తెలియదు.

ఇప్పుడు అసలు మాట. మీ అక్కతో ఒక ఫోను మాట్లాడాలి, పిల్లలు బడిలో ఉన్నప్పుడు, ఆమెకి తీరిక దొరికిన రోజు, ఏడుపుల్లేకుండా. మూడే ప్రశ్నలు. అప్పు ఇంకా ఎంతుంది? ఏ నెలలో వస్తావు? వచ్చాక మళ్ళీ వెళ్తావా? ఎప్పుడొస్తావంటే చెప్పకపోవడానికి ఆమెకు రెండు కారణాలుండొచ్చు. ఒకటి ఏజెంటుకో వడ్డీ వ్యాపారికో కట్టాల్సింది నీకు చెప్పినదానికన్నా ఎక్కువ ఉండటం. రెండోది వచ్చినా ఆ మొగుడి దగ్గరికే రావాలి కదా అని. రెండోది అయితే ఆమె ముఖం పట్టుకుని ఎప్పుడొస్తావని అడిగేకన్నా "మా ఊళ్ళోనే వేరే ఇల్లు చూస్తాను, పిల్లలతో నువ్వక్కడ ఉందువుగాని" అని చెప్పు, అప్పుడు నోరు విప్పుతుందేమో చూడు. కువైట్‌లో ఇంటి పనివాళ్ళకి 2015లో చట్టం వచ్చింది, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, పని ముగించి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలని అందులో ఉంది. ఆ ఇంటివాళ్ళు ఇస్తారా అన్నది వేరే కథ, అయినా తనకు ఎంత రావాలో ఆమెకి తెలిసి ఉండాలి. ఏ వీసా మీద వెళ్ళిందో కూడా అడుగు, ఏజెంటు విజిట్ వీసా మీద పంపి ఉంటే రాయబార కార్యాలయంతో ముందే మాట్లాడుకోవాలి.

ఆమె చెప్పిన నెల ఏదైనా, ఏడాదైనా రెండేళ్ళైనా, అది పిల్లలకి చెప్పు. పెద్దదానికి క్యాలెండరులో చూపించు. తర్వాత మారితే మారిందని చెప్పు. రేపో మాపో అన్న మాట మాత్రం ఆ ఇంట్లో ఇక ఎవరూ అనొద్దు.

మీ ఆయన హాస్టలు మాట తెచ్చారంటే ఆయనకి విసుగొచ్చిందని నువ్వు అనుకుంటున్నావు. నాకలా అనిపించలేదు. మూడున్నరేళ్ళు ఇంకొకరి పిల్లలకి అన్నం పెట్టిన మనిషి, ఇది ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పకపోతే ఏదో ఒక దారి వెతుక్కుంటాడు. అక్క చెప్పిన నెల, డబ్బు అంకె, రెండూ ఆయన ముందు పెట్టి అప్పుడు అడుగు. ఆ బావ వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడాల్సింది కూడా ఆయనే, కాబట్టి ఆయన సరే అనకుండా పైన చెప్పినవేవీ మొదలుపెట్టకు.

బావని పూర్తిగా కొట్టిపారేయొద్దు. ఆ పిల్లలకి ఆయనే నాన్న. వాళ్ళ నాయనమ్మ ఉందా? నువ్వు రాయలేదు. ఉంటే ఆవిడతో మాట్లాడు, చాలాచోట్ల కొడుకు తాగుడుకి అందరికన్నా ఎక్కువ ఏడ్చేది ఆవిడే. ఆదివారం పొద్దున్న, తాగకుండా, ఆవిడ ఇంట్లో, రెండు గంటలు పిల్లల్ని చూడొచ్చు అని చెప్పించు. తాగొస్తే ఆ వారం లేదు. పాప వెళ్ళనంటే దాన్ని బలవంతపెట్టొద్దు, బాబొక్కడే వెళ్తాడు, పక్కన మీ ఆయన ఉంటారు. తాగుడు మానాలని ఆయనకే ఉంటే 14446కి ఫోన్ చేయమను. ఆయనకే ఉంటే అన్నాను.

పాప ఇంకా మాట్లాడకుండా, తినకుండా, నిద్రపోకుండా ఉంటే మనసు బాగోలేనప్పుడు సలహా చెప్పే ప్రభుత్వ ఫోను లైను టెలీ మానస్ 14416కి నువ్వే ముందు ఫోన్ చేసి మాట్లాడు, తెలుగులోనే మాట్లాడతారు.

పోలీసు, కోర్టు, ఇవన్నీ ఒకేసారి మీద వేసుకోకు. ఈ వారం అక్కతో ఫోను, మీ ఆయనతో మాట, బీరువాలో అర. వచ్చే వారం బడిలో దరఖాస్తు. అక్క కాగితం కువైట్ నుంచి వచ్చాక దాన్నీ, పిల్లల ఆధార్ కార్డులనూ, బర్త్ సర్టిఫికెట్లనూ, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్‌నీ, నీ నోటుబుక్కునీ ఒక కవర్లో పెట్టుకుని న్యాయ సేవల కమిటీకి వెళ్ళు, సోమవారం రద్దీగా ఉంటుంది, మంగళవారమో బుధవారమో వెళ్ళు. ఒక్కదానివే వెళ్ళకు, మీ ఆయన్ని తీసుకెళ్ళు. అక్కడ ఏమన్నారో నాకు మళ్ళీ రాయి. ఆ బ్యాగు సంగతి కూడా రాయి.